ఒకే కడుపున పుట్టిన రెండు కార్డులు

2020లో ఎన్విడియా జీఏ102 అనే గ్రాఫిక్స్ చిప్‌ను బయటికి తెచ్చింది. ఆ ఒక్క చిప్‌తోనే రెండు గ్రాఫిక్స్ కార్డులు తయారయ్యాయి. ఆటలాడేవాళ్లకు ఆర్‌టీఎక్స్ 3090. మనలాంటి పనివాళ్లకు ఆర్‌టీఎక్స్ ఏ6000. మొదటిదాంట్లో 10,496 కుడా కోర్లు, అంటే లెక్కలు చేసే చిన్న యూనిట్లు. రెండోదాంట్లో 10,752. నూటికి మూడు కూడా తేడా లేదు. కరెంటు ఆటల కార్డే ఎక్కువ లాగుతుంది, 350 వాట్లు. ఏ6000 300తో సరిపెట్టుకుంటుంది. ఇక వెల దగ్గరికొస్తే, రెండోదానికి పెట్టే డబ్బుతో మొదటివి రెండు కొని ఇంకా చేతిలో మిగుల్చుకోవచ్చు.

ఒకే కడుపున పుట్టిన ఇద్దరిలో ఒకడు టీషర్టులో, ఇంకొకడు కోటులో వచ్చి నిలబడ్డట్టుంటుంది. కోటువాడికి అంత ఎందుకివ్వాలి? డిజైన్ పని కోసం మెషీన్ కట్టించుకునే ప్రతివాళ్లకూ ఎప్పుడో ఒకప్పుడు ఈ అనుమానం వస్తుంది. అమ్మేవాళ్లను అడిగితే “ప్రొఫెషనల్ పనికి ప్రొఫెషనల్ కార్డే సార్” అంటారు. ఆటలాడే కుర్రాళ్లను అడిగితే “అదంతా దోపిడీ, స్టిక్కర్‌కి డబ్బులు” అంటారు. ఇద్దరూ సగం సగం నిజమే చెబుతారు. నేను ఇన్నేళ్లలో చూసిందేమిటంటే, కోటు అక్కర్లేనివాళ్లు గొప్పకు పోయి దాన్ని కొంటున్నారు. నిజంగా అక్కరున్నవాళ్లు పొదుపుకు పోయి టీషర్టు కొని ఇబ్బంది పడుతున్నారు. ఇదేదో పక్కనుంచి చూసి చెబుతున్న మాట కాదు, ఆ రెండు తప్పులకూ సొంత డబ్బే పోసినవాణ్ని.

మొదటి తప్పు ముందు చెబుతాను, అదే ఎక్కువ బాధపెట్టింది కాబట్టి.

నా పని ఇంటీరియర్ విజువలైజేషన్. కట్టని గదిని కట్టినట్టు చూపించడం. కొన్నేళ్ల కింద వేగం చూసుకుని ఒక ఆటల కార్డు కొన్నాను, 8 జీబీ మెమరీ. ఆరు నెలలు హాయిగా నడిచింది. తర్వాత ఒక పెద్ద లాబీ పని వచ్చింది. నేలంతా పాలరాయి, మధ్యలో మందపాటి తివాచీ, గాజు గోడ అవతల చెట్లు. వ్యూపోర్ట్‌లో, అంటే మోడల్‌ను తిప్పుతూ పనిచేసుకునే కిటికీలో, అన్నీ బాగానే తిరిగాయి. రాత్రి రెండర్, అంటే చివరి బొమ్మ తయారుచేసే లెక్క, పెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే తెర మీద బొమ్మ లేదు, మెమరీ చాలలేదన్న ఒక్క ముక్క ఉంది. మధ్యాహ్నానికి ఫైల్ ఇవ్వాలి. టెన్షన్‌లో కనపడ్డ ప్రతి టెక్స్చర్‌నూ, అంటే ఉపరితలాల మీద అతికించే బొమ్మను, సగానికి, పావుకి కుదించాను. ఎలాగో రెండర్ అయింది. మీటింగులో క్లయింటు చూసిన మొదటి వస్తువు తివాచీ. “ఇదేంటి, పెయింట్ వేసినట్టుంది?” అన్నాడు. తివాచీ నేతే ఆ డిజైన్‌లో ముఖ్యమైన సంగతి. ఏం చెప్పను?

ఆ రోజు కూర్చుని లెక్క కట్టాను. ముందే కట్టాల్సిన లెక్క. 4,096 బై 4,096 పిక్సెళ్ల టెక్స్చర్ ఒకటి, పిక్సెల్‌కి నాలుగు ఛానళ్లు, ఛానల్‌కి ఒక బైట్ చొప్పున, మెమరీలో 64 ఎంబీ అవుతుంది. డిస్క్ మీద అదే జేపెగ్ ఫైల్ ఆరో ఏడో ఎంబీ కనిపిస్తుంది. అక్కడే మోసపోతాం. కార్డుకు జేపెగ్‌తో పనిలేదు, దాన్ని పూర్తిగా విప్పుకునే పెట్టుకుంటుంది. ఒక పాలరాయికి రంగు, గరుకుదనం, నార్మల్, డిస్‌ప్లేస్‌మెంట్ అని నాలుగు మ్యాపులు పెడితే ఒక్క మెటీరియల్‌కే 256 ఎంబీ. వాటినే 8కేలో (8,192 బై 8,192) తెచ్చుకుంటే నాలుగింతలు, అంటే ఒక జీబీ. తివాచీ పోగులకు డిస్‌ప్లేస్‌మెంట్ పెట్టామంటే అక్కడ జ్యామితి కూడా పగిలి లక్షల త్రిభుజాలవుతుంది. దాని మీద కాంతికిరణాలు వెతుక్కునే చెట్టు లాంటి నిర్మాణం ఒకటి, చివర్లో బొమ్మలోని చుక్కలు తుడిచే డీనాయిజర్ వాటా ఇంకొకటి. నా 8 జీబీ ఎక్కడ సరిపోతుంది?

వేగం తక్కువైతే రెండర్ ఆలస్యమవుతుంది, అంతే. ఒక రాత్రి బదులు రెండు రాత్రులు. మెమరీ తక్కువైతే అసలు అవ్వదు. ఇప్పటి రెండరర్లు చాలావరకు కార్డులో పట్టనిదాన్ని మదర్‌బోర్డు ర్యామ్‌లోకి తోసి నడిపించగలవు, నిజమే. అయితే 3090 తన సొంత మెమరీతో సెకనుకు 936 జీబీ మాట్లాడుతుంది. అదే కార్డు మదర్‌బోర్డులో తాను కూర్చునే పీసీఐఈ నాలుగో తరం స్లాట్ గుండా బయటి ర్యామ్‌తో మాట్లాడాలంటే సెకనుకు ఒక దిక్కున దాదాపు 32 జీబీ. ముప్పై వరుసల రహదారి నుంచి ఒంటి వరుస సందులోకి బండి తిప్పినట్టు. అలా నడవగలిగినా కొన్ని ఫీచర్లు ఆ సందులోకి రావు, అది ఏ రెండరర్‌కి ఆ రెండరర్ కథ.

అందుకే 2021లో 3060 వచ్చినప్పుడు నాలాంటివాళ్లకు అదొక విడ్డూరం. అంతకుముందే వచ్చిన 3070కి 8 జీబీ, 3080కి 10 జీబీ ఉంటే, వాటికంటే కింది మెట్టు మీదున్న 3060కి 12 జీబీ ఇచ్చారు. ఆటల రివ్యూలు దాన్ని ఒక మాదిరి కార్డని పక్కన పెట్టాయి. ఆటల లెక్కలో ఆ మాట సబబే. కానీ 10 జీబీలో పట్టని సీన్‌ను 3080 మధ్యలో వదిలేస్తే, 3060 మెల్లగా పూర్తి చేస్తుంది. డిజైన్ పనికి ఆటల రివ్యూ చదివి కార్డు కొనకూడదని నాకు అప్పుడు బాగా అర్థమైంది. సెకనుకు ఎన్ని ఫ్రేములన్న పట్టిక చూసి నేను నేర్చుకునేదేమీ లేదు. నా పని సెకనుకు ఫ్రేములు కాదు, ఫ్రేముకు నిమిషాలు.

ఇక్కడే ఇంకో భ్రమ. “24 జీబీవి రెండు పెడితే 48 అవుతుంది కదన్నా” అని మా దగ్గర పనిచేసే కుర్రవాడు లెక్క చెప్పాడు. అవ్వదు. మామూలుగా రెండు కార్డులు పెడితే సీన్ మొత్తం రెండింట్లోనూ విడివిడిగా ఎక్కుతుంది. పని పంచుకుంటాయి, మెమరీ పంచుకోవు. ఎన్వీలింక్ అనే వంతెనతో కొన్ని రెండరర్లు మెమరీని కలిపి వాడుకునేవి. 3090కి ఆ వంతెన ఉంది. తర్వాతి తరంలో 4090కి తీసేశారు. కోటు వేసుకున్న ఆర్‌టీఎక్స్ 6000 ఏడాకీ తీసేశారు. ఇప్పుడు 48 జీబీ కావాలంటే ఒక్క కార్డులోనే 48 ఉండాలి. కోటుకు డబ్బు పెట్టడానికి నేను ఒప్పుకునే మొదటి కారణం ఇదే. ఆటల కార్డుల్లో 2025లో వచ్చిన 5090 వరకూ పైకి వెళ్లినా 32 జీబీ దగ్గర ఆగిపోతాం. అదే ఏడాది వచ్చిన ఆర్‌టీఎక్స్ ప్రో 6000 బ్లాక్‌వెల్‌లో 96 ఉంది. మీ సీన్ 40 జీబీ అడుగుతుంటే చర్చ అక్కడితో అయిపోయింది.

మరి మీ సీన్ ఎంత అడుగుతోంది? దీనికి ఎవరి సలహా అక్కర్లేదు. ఇప్పటిదాకా చేసిన పనుల్లో అన్నిటికంటే బరువైన ఫైల్ తెరిచి, రెండర్ పెట్టి, విండోస్ టాస్క్ మేనేజర్‌లో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) పేజీ చూడండి. డెడికేటెడ్ మెమరీ అని ఒక అంకె ఉంటుంది. నేనైతే ఆ అంకెకు దానిలో సగం కలుపుకుని ఆ పైనున్న కార్డు చూస్తాను. ఆ సగం ఎందుకంటే, క్లయింట్లు ఏటేటా పెద్ద గదులే అడుగుతారు తప్ప చిన్నవి అడగరు. మెమరీ ఇప్పటికే నిండిపోయి ఉంటే ఆ అంకెను నమ్మొద్దు. పక్కనే షేర్డ్ మెమరీ అని ఇంకో అంకె పెరుగుతూ ఉంటుంది, రెండూ కలిపి చూడాలి.

ఇక రెండో తప్పు. ఇది పూర్తిగా నా డాబు వల్ల జరిగింది. పక్క టేబుల్ దగ్గర ఒక అమ్మాయి భవనాల మోడలింగ్ చేస్తుంది. మోడల్ పెద్దదయ్యేకొద్దీ గోడ జరిపిన ప్రతిసారీ నాలుగైదు సెకన్లు మెషీన్ బిగుసుకుపోతోందని చెప్పింది. నేను మెమరీ విషయంలో దెబ్బతిన్న అనుభవశాలిని కదా, ఇంకేమీ చూడకుండా మంచి ప్రొఫెషనల్ కార్డు తెప్పించి పెట్టాను. వారం తర్వాత ఎలా ఉందని అడిగితే మొహమాటంగా నవ్వి, “అలాగే ఉంది అన్నా, కానీ తిప్పుతుంటే స్మూత్‌గా ఉన్నట్టుంది” అంది. ఆ “ఉన్నట్టుంది” నా కోసం కలిపిన మాట. టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే గోడ జరిపినప్పుడు జీపీయూ పదో పన్నెండో శాతం దగ్గర కునుకు తీస్తోంది. సీపీయూలో ఒక్క కోర్ మాత్రం నిండా మునిగి ఉంది. గోడ జరిపితే దానికి ఆనుకున్న తలుపు, కప్పు, కొలతలు అన్నీ ఒకదాని తర్వాత ఒకటి మళ్లీ లెక్కవేయాలి. ముందుది తేలితే గానీ తర్వాతది మొదలుకాదు. ఆ పని ఒక కోర్ మీదే నడుస్తుంది, గ్రాఫిక్స్ కార్డు దాకా రానే రాదు. తేలు కుట్టింది ఒకచోట, నేను మంత్రం వేసింది ఇంకోచోట. ఇలా ఒకటి మారిస్తే మిగతావి వాటంతటవే మారే పారామెట్రిక్ మోడలింగ్ చేసేవాళ్లలో చాలామందికి కావలసింది ఒక్కో కోర్ వేగంగా నడిచే సీపీయూ. ఈ ముక్క కార్డులమ్మే చోట ఎవరూ చెప్పరు, చెబితే వాళ్లకేం లాభం?

సరే, మరి కోటులో మెమరీ కాక ఇంకేముంది? డ్రైవర్ ఉంది. కార్డు చేత పనిచేయించే సాఫ్ట్‌వేర్ అది. ఈ డ్రైవర్ కథ కొంచెం పాతది.

సాఫ్ట్‌వేర్లు గ్రాఫిక్స్ కార్డుకు బొమ్మ గీయమని చెప్పే భాష లాంటి ఓపెన్‌జీఎల్ 1992లో సిలికాన్ గ్రాఫిక్స్ వాళ్ల వర్క్‌స్టేషన్ల ప్రపంచం నుంచి వచ్చింది. విమానాలు, కార్లు గీసే సాఫ్ట్‌వేర్లు దాన్ని పట్టుకుని పెరిగాయి. ఆ పని తీరు ఆటల తీరుకు పూర్తిగా వేరు. ఆటలో ఉపరితలాలు నిండుగా రంగేసి, కంటికి కనపడనిదాన్ని ముందే తీసేస్తారు. ఇంజనీరింగ్ మోడల్‌లో వేల విడిభాగాలు, ఒక్కోదానికీ అంచు గీతలు, ఆ గీతలు మెట్లు మెట్లుగా కాక నునుపుగా రావాలి, ఉపరితలానికి రెండు పక్కలా వెలుతురు పడాలి. ఒక బోల్టు మీద క్లిక్ చేస్తే ఆ బోల్టే ఎంపికవ్వాలి. ఈ పనులకు డ్రైవర్‌లో విడిగా దారులు వేస్తారు. ఆటల కార్డు డ్రైవర్‌లో ఆ దారులు ఉండవు, లేదా ఉండీ మూసి ఉంటాయి.

మూసి ఉంటాయి అనడానికి సాక్ష్యాలున్నాయి. 2000ల మొదట్లో రివాట్యూనర్ అనే చిన్న టూల్‌తో జీఫోర్స్ (ఎన్విడియా ఆటల కార్డు)ను క్వాడ్రో (అప్పటి ప్రొఫెషనల్ కార్డు) అని డ్రైవర్‌ను నమ్మించేవాళ్లు. చెయ్యి తిరిగినవాళ్లు బోర్డు మీద రెసిస్టర్ జరిపి మరీ మార్చేవాళ్లు. 2017లో ఇంకా తమాషా జరిగింది. ఏఎండీ వేగా ఫ్రాంటియర్ ఎడిషన్ అని ఆటలకూ పనికీ మధ్యరకం కార్డు ఒకటి దించింది. కొద్ది వారాలకే ఎన్విడియా తన టైటాన్ ఎక్స్‌పీకి కొత్త డ్రైవర్ ఇచ్చి, మాయా అనే యానిమేషన్ సాఫ్ట్‌వేర్ లాంటి అప్లికేషన్లలో వేగం మూడింతల దాకా పెరుగుతుందని ప్రకటించింది. కార్డు అదే, చిప్ అదే. నిన్నటిదాకా ఆ మూడింతలు ఎక్కడున్నాయి? పోటీ వచ్చేదాకా బీరువాలో ఉన్నాయని నా అనుమానం. 2019లోనూ అంతే. ఛానల్‌కి 10 బిట్ల రంగు ఫొటోషాప్ లాంటి ఓపెన్‌జీఎల్ కిటికీల్లో రావాలంటే ఎన్విడియాలో అప్పటిదాకా క్వాడ్రో కొనాల్సిందే. జులైలో డిజైన్ పనివాళ్ల కోసం ఒక స్టూడియో డ్రైవర్ వచ్చింది, జీఫోర్స్‌లోనూ తెరుచుకుంది. కేవలం ఆ 10 బిట్ల కోసం అంతకుముందు ఏడాది క్వాడ్రో కొన్న ఫొటోగ్రాఫర్ మిత్రుడు ఒకడున్నాడు. ఆ సంగతి ఆయన దగ్గర నేనిప్పటికీ ఎత్తను.

ఇంత చెప్పాను కాబట్టి డ్రైవర్ కోసం డబ్బు పెట్టడం దండగ అంటాననుకుంటారేమో. అనను. తాళం వేసింది వాళ్లే అయినా, ఆ గదిలో సరుకు నిజంగానే ఉంది. స్పెక్‌వ్యూపెర్ఫ్ అని వర్క్‌స్టేషన్ గ్రాఫిక్స్‌ను కొలిచే పరీక్ష ఉంది. క్యాటియా, క్రియో, సాలిడ్‌వర్క్స్, మాయా, సీమెన్స్ ఎన్‌ఎక్స్ లాంటి డిజైన్ సాఫ్ట్‌వేర్ల పనితీరును దాంట్లో విడివిడిగా కొలుస్తారు. అందులో ఎన్‌ఎక్స్ భాగం ఒక్కటి చూడండి చాలు. చిన్న క్వాడ్రో కూడా తనకంటే ఎన్నో రెట్లు బలమైన జీఫోర్స్‌ను వెనక్కి నెట్టేసిన ఫలితాలు కనిపిస్తాయి. సాలిడ్‌వర్క్స్‌లో రియల్‌వ్యూ అనే వెలుగునీడల మోడ్ అధికారికంగా సర్టిఫై అయిన కార్డులకే తెరుచుకుంటుంది. విండోస్ సెట్టింగులు దాచే రిజిస్ట్రీలో కెలికి జీఫోర్స్ మీద తెరిచేవాళ్లున్నారు. తర్వాతి వెర్షన్‌లో మళ్లీ కెలకాలి. ఆ ఓపిక ఉన్నవాళ్లకు నమస్కారం.

అంటే తేల్చాల్సింది, మీరు రోజంతా తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్ వ్యూపోర్ట్‌ను దేనితో గీస్తుంది అన్నది. సాలిడ్‌వర్క్స్, ఎన్‌ఎక్స్, క్యాటియా ఓపెన్‌జీఎల్ సంప్రదాయంలోనివి. అక్కడ వేల భాగాల అసెంబ్లీలు తిప్పేవాళ్లకు చిన్నదైనా సరే ప్రొఫెషనల్ కార్డే కొనమంటాను. త్రీడీఎస్ మ్యాక్స్, ఆటోక్యాడ్, రెవిట్ మైక్రోసాఫ్ట్ వాళ్ల డైరెక్ట్‌ఎక్స్ దారిలో నడుస్తాయి, అది ఆటల దారే. అన్‌రియల్, ట్విన్‌మోషన్ అయితే ఆటల ఇంజనే. వాటికి కోటు వేసి ప్రయోజనం లేదు. బ్లెండర్ సైకిల్స్, వీ-రే జీపీయూ, రెడ్‌షిఫ్ట్ లాంటి రెండరర్లకు కావలసింది కోర్లు, మెమరీ. కోటుందా లేదా అన్నది వాటికి పట్టదు.

కోటు జేబులో ఇంకో కాగితం ఉంటుంది, సర్టిఫికేషన్. సాఫ్ట్‌వేర్ తయారీదారు ఈ కార్డును పరీక్షించాం, నడుస్తుంది అని ఇచ్చే భరోసా. పెద్ద కంపెనీలకు పనిచేసేవాళ్లు దీన్ని కొట్టిపారేయొద్దు. ఫైల్ తెరుచుకోక సపోర్టుకు ఫోన్ చేస్తే “ముందు సర్టిఫైడ్ కార్డు పెట్టి చూడండి” అనే మాట వినాల్సిన పని ఉండదు. ఆ ఒక్క మాటకు ఒక్కోసారి రెండు రోజులు పోతాయి. మరి ఈ కాగితం కార్డు ఒక్కదానికే ఇచ్చింది కాదని ఎంతమందికి తెలుసు? ఫలానా సాఫ్ట్‌వేర్ ఫలానా వెర్షన్, ఫలానా కార్డు, ఫలానా డ్రైవర్ నంబరు, ఇవన్నీ కలిస్తేనే సర్టిఫికేషన్. కొత్త డ్రైవర్ వచ్చిందని పైకి తేలే కిటికీలో ‘ఓకే’ నొక్కిన మరుక్షణం ఆ భరోసా మన మెషీన్‌కు వర్తించదు. అంత డబ్బు పోసి కోటు కొని, కాలరే చింపుకున్నట్టు. నేను చూసిన ప్రొఫెషనల్ కార్డుల్లో సగానికి పైగా సర్టిఫై కాని డ్రైవర్లతోనే నడుస్తున్నాయి. వాటి యజమానులు సర్టిఫికేషన్ గురించే ఎక్కువ మాట్లాడతారు.

తప్పులు దిద్దుకునే ఈసీసీ మెమరీ గురించి కూడా గొప్పగా చెబుతారు. రోజుల తరబడి నడిచే సిమ్యులేషన్‌లో ఒక బిట్ తిరగబడితే మొత్తం జవాబే తప్పవుతుంది కాబట్టి అక్కడ అది కావాలి. నా లాబీ బొమ్మలో ఒక పిక్సెల్ తప్పుగా వస్తే క్లయింటుకే కాదు, నాకూ కనపడదు.

ఏ కంపెనీ కార్డన్న గొడవలోకి నాకు వెళ్లాలని లేదు గానీ తప్పదు. ఎన్విడియా 2006 నుంచి తన కార్డుల మీద లెక్కలు నడిపించే కుడా అనే పునాది కడుతూ వచ్చింది. జీపీయూ రెండరర్లలో చాలావాటికి పుట్టిల్లు అదే, ఆక్టేన్ కూడా అక్కడే పెరిగింది. ఏఎండీ కార్డులతో బ్లెండర్ వాడేవాళ్లు 2021 డిసెంబరులో మూడో వెర్షన్ వచ్చినప్పుడు ఒక కుదుపు చూశారు. వాళ్ల కార్డులు అప్పటిదాకా వాడిన ఓపెన్‌సీఎల్ దారిని తీసేసి హిప్ అనే కొత్త దారి పెట్టారు. పాత కార్డులున్నవాళ్లు బయటే నిలబడ్డారు. తర్వాత 3.3లో ఇంటెల్ కోసం వన్‌ఏపీఐ కూడా చేరింది. రెడ్‌షిఫ్ట్ కూడా కుడా దాటి బయటికి వచ్చింది. కాబట్టి ఎన్విడియా తప్ప దిక్కులేదన్న రోజులు పోతున్నాయి, ఇంకా పూర్తిగా పోలేదు. ఏఎండీ రేడియాన్ ప్రో డబ్ల్యూ7900 48 జీబీతో 2023లో వచ్చింది. ఇంటెల్ ఆర్క్ ప్రో బీ50లో 70 వాట్లకే 16 జీబీ ఇస్తున్నారు. మెమరీకి ఇంత విలువిచ్చే నన్ను ఇవి ఊరిస్తాయని ఒప్పుకుంటాను. కానీ నా రోజువారీ రెండరర్, అందులో నేను వాడే ప్లగిన్లు వాటి మీద ఒక నెల నడిపి చూడకుండా కొనను. బొమ్మ వస్తుందా అన్నది చాలదు, హెయిర్, వాల్యూమ్, డీనాయిజర్ అన్నీ వస్తాయా అన్నది చూడాలి.

మ్యాక్‌వాళ్లది వేరే లోకం. 2018లో మొజావే అనే మ్యాక్‌ఓఎస్ వెర్షన్‌తో ఎన్విడియాకు తలుపు మూసుకుపోయింది. 2023 మ్యాక్ ప్రోలో స్లాట్లున్నా గ్రాఫిక్స్ కార్డు పెట్టుకునే వీల్లేదు. బదులుగా సీపీయూ, జీపీయూ ఒకే మెమరీని పంచుకుంటాయి. ఎం2 అల్ట్రాలో అది 192 జీబీ దాకా ఉంది. వేగం పెద్ద ఎన్విడియా కార్డులంత ఉండదు, సీన్ మాత్రం పడుతుంది. నా వాదన ప్రకారం చూస్తే వాళ్లను వెక్కిరించే హక్కు నాకు లేదు.

ల్యాప్‌టాప్ కొనేవాళ్లకు ఒక్క మాట. పేరు నమ్మొద్దు. డెస్క్‌టాప్ 4090లో 16,384 కోర్లు, 24 జీబీ. ల్యాప్‌టాప్ 4090 అని రాసి ఉన్నదాంట్లో 9,728 కోర్లు, 16 జీబీ. చిప్ కూడా వేరే. పేరు మాత్రం అదే. పేరు గొప్ప అనే సామెత పూర్తి చేయక్కర్లేదనుకుంటా.

వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లయితే కార్డు ఎంత పెద్దదన్న దానికంటే అది మీ కెమెరా ఫుటేజీని హార్డ్‌వేర్‌లో విప్పగలదా అని చూడాలి. 4:2:2 రంగుతో, అంటే రంగు వివరాలు కొంత ఎక్కువగా దాచుకుని, వచ్చే ఫైళ్లను ఎన్విడియా ఆటల కార్డులు 50 సిరీస్ దాకా హార్డ్‌వేర్‌లో విప్పలేకపోయాయి. ఇంటెల్ పదకొండో తరం నుంచీ సీపీయూలో ఉండే చిన్న గ్రాఫిక్సే హెచ్‌ఈవీసీ అనే వీడియో కుదింపు పద్ధతిలో ఆ పని చేసేది. ఖరీదైన కార్డు పెట్టి టైమ్‌లైన్ ఎందుకు ఈడుస్తోందని తల పట్టుకున్నవాళ్లను చూశాను. ఇక పోస్టర్లు, లోగోలు చేసేవాళ్లు, మీకు మంచి మానిటర్ ముందు. కార్డు డబ్బు అందులో పెట్టండి.

కోటుకు నేను మర్యాద ఇచ్చే ఇంకో చోటుంది. దాన్ని ఎవరూ పెద్దగా రాయరు. అది ఒంటి తీరు. 4090 ఒక్కటే 450 వాట్లు, 5090 575 వాట్లు. వాటిలో చాలావరకు మూడు నాలుగు స్లాట్ల మందం. వేడిగాలిని కేసు లోపలికే వదులుతాయి. ఒకటి పెడితే పరవాలేదు. పక్కన ఇంకోటి పెడితే పైది కిందదాని వేడిని పీలుస్తుంది. ప్రొఫెషనల్ కార్డులు ఎక్కువగా రెండు స్లాట్లలో ఒదుగుతాయి, గాలిని వెనకనుంచి బయటికి ఊదుతాయి. ప్రో 6000 బ్లాక్‌వెల్ మామూలుది 600 వాట్లయితే, అవే 96 జీబీలతో మ్యాక్స్‌క్యూ అని 300 వాట్ల రకం కూడా ఉంది. రెండు మూడు కలిపి పెట్టేవాళ్ల కోసమే అది. కరెంటు తీగ సంగతి కూడా. 2022లో 4090 వచ్చిన కొత్తలో 16 పిన్నుల కనెక్టర్లు కరిగిన ఫొటోలు అందరూ చూసే ఉంటారు. ప్లగ్ పూర్తిగా లోపలికి దిగకపోవడం ముఖ్య కారణమని కంపెనీ చెప్పింది, తర్వాత కనెక్టర్‌నే సవరించారు. ఇప్పటికీ నేను ఆ తీగ పెట్టాక టార్చ్ వేసి చూస్తాను. ఇంట్లోవాళ్లకు అదొక జోకు.

ఇంకో చిన్న చిక్కు, కొనకుండానే తీరేది. బరువైన లెక్క మధ్యలో తెర ఒక్కసారి నల్లబడి, డిస్‌ప్లే డ్రైవర్ స్పందించడం మానేసి మళ్లీ లేచిందని విండోస్ చెబితే కార్డు పోయిందని కంగారుపడకండి. కార్డు రెండు సెకన్ల పాటు పలకకపోతే విండోస్ దాన్ని చచ్చిందనుకుని డ్రైవర్‌ను తిరిగి లేపుతుంది. రిజిస్ట్రీలో టీడీఆర్ డిలే అనే విలువ పెంచి ఆ గడువును పొడిగించుకోవచ్చు. ఈ ఒక్క కారణంతో కొత్త కార్డు కొనేయబోయిన ఇద్దరిని నేను ఆపాను.

ఇప్పుడు మా గదిలో ఉన్నవి చెబుతాను. అసెంబ్లీలు చేసే ఇంజనీర్ దగ్గర 70 వాట్ల చిన్న ప్రొఫెషనల్ కార్డు. దానికి విడిగా కరెంటు తీగ కూడా అక్కర్లేదు, స్లాట్ ఇచ్చే 75 వాట్లలోనే బతుకుతుంది. ఆయన డ్రైవర్ ఆటో అప్‌డేట్ నేనే ఆపేశాను. నా దగ్గర 24 జీబీ ఆటల కార్డు, స్టూడియో డ్రైవర్‌తో. భవనాల అమ్మాయికి కొత్త సీపీయూ వచ్చింది, గోడ జరిపితే ఇప్పుడు ఒక సెకను. ఆమె కోసం నేను డాబుగా తెచ్చిన కార్డే ఇంజనీర్ టేబుల్ మీదికి చేరింది. అలా ఆ డబ్బు కాస్తా ఒడ్డున పడింది.

కుర్రవాడు మాత్రం 12 జీబీ కార్డు మీదే ఉన్నాడు. కొత్త సిరీస్ వచ్చిన రోజు నుంచీ లింకులు పంపుతున్నాడు. నీ అన్నిటికంటే బరువైన ఫైల్ రెండర్ పెట్టి, టాస్క్ మేనేజర్ స్క్రీన్‌షాట్ తీసుకురా అన్నాను. మూడు రోజులకు తెచ్చాడు. 7.8 జీబీ. “ఇంకో ఏడాది ఆగుదాం తమ్ముడూ” అన్నాను. మూతి ముడుచుకుని వెళ్లాడు. నిన్న చూస్తే ఏ అవసరమూ లేని 8కే టెక్స్చర్లు వరసపెట్టి డౌన్‌లోడ్ చేస్తున్నాడు.